తప్పు పట్టడానికి శిక్షణ

తిట్టి ఒక మనిషికి పర్మనెంటు ఉద్యోగం ఇప్పించినవాణ్ణి ఈ కోనసీమ మొత్తం మీద నేనొక్కణ్ణే. సిఫారసు చేసి ఇప్పించినవాళ్ళున్నారు. పిల్లనిచ్చి ఇప్పించినవాళ్ళున్నారు. నిండు సభలో, వందలాదిమంది మేధావుల నడుమ లేచి, "అమ్మా, నీ పాఠం తప్పు" అని గర్జించి, ఆ ఒక్క గర్జనతో ఒక ఆడపిల్లను లెక్చరరుగా స్థిరపరచినవాడు ఇంకొకడుంటే చూపించండి. ఈ సంగతి పెళ్ళి భోజనాల పంక్తిలో చెప్పాను. పెన్షనర్ల సంఘంలో చెప్పాను. రావులపాలెం వెళ్ళే బస్సులో పక్క సీటాయన అడక్కపోయినా చెప్పాను.

నోటితో చెప్పినంత ధీమాగా కాగితం మీద పెట్టలేం కనక, ముందు ఆ "వందలాది" అన్నది సరిచేస్తాను. పాతికమందిమి ఉంటాం. మేధావులు అన్న మాట నన్ను కలుపుకుని అన్నాను కాబట్టి అలాగే ఉండనివ్వండి. గర్జన సంగతి దాని చోటు వచ్చినప్పుడు చూద్దాం.

ఎనభైలు మొదలైన కొత్త. నేనొక చిన్న కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. డిగ్రీ తరగతుల్లో తెలుగు మీడియం వచ్చి కుదురుకుంది గాని, తెలుగు పాఠాలు ఇంకా కుదురుకోలేదు. మేమంతా ఇంగ్లీషులో చదువుకున్నవాళ్ళం. మా గురువుగారు నాకు ఇంగ్లీషులో చెప్పిన నోట్సును ఒక వేసవిలో తెలుగు చేసుకుని, ఆ తరవాత ఏటా దాన్నే చెప్పుకొచ్చాను. చెప్పడమంటే నేను చదవడం, పిల్లలు రాసుకోవడం. అన్న రాసుకున్న నోట్సు తమ్ముడికి, తమ్ముడిది మేనమామ కొడుక్కి వెళ్ళేది. నేను పేజీ తిప్పడం ఆలస్యమైతే వెనక బెంచీలోంచి ఎవడో ఒకడు, "'అందువలన' అండి మాస్టారూ" అని అందించేవాడు. అందువలన మా ఇరుపక్షాలకూ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

ఇబ్బంది పైవాళ్ళకు కలిగింది. మా నోట్సుల్లో మనిషి ఎప్పుడు చూసినా ఆపిల్ పండ్లే తింటాడట, గోధుమలే పండిస్తాడట. మా పిల్లల్లో జ్వరం తగిలినప్పుడు తప్ప ఆపిల్ మొహం చూసినవాడు లేడన్నది నిజమే. అందుకని వేసవి సెలవుల్లో చుట్టుపక్కల కాలేజీల లెక్చరర్లందరూ కొత్తపేటలో ఒక హైస్కూల్లో కూర్చుని, తమ పాఠాలను తామే బాగుచేసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. ఆ కార్యక్రమానికి ఉత్తర్వులో రెండు లైన్ల పొడుగున పేరుంది. మేము ట్రైనింగ్ అన్నాం.

"బాగుచేసుకోవాలంటే ఏంటండీ అర్థం? ఇన్నాళ్ళూ పాడుచేసేమనా?" అని మా కామర్స్ ఆయన నొచ్చుకున్నాడు. ఈయన నా పక్క ఇంటివాడు, పరమ మర్యాదస్తుడు, చీమను తొక్కినా "సారీ అండి" అనే రకం. మధ్యాహ్నం పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు ఉంటాయని తెలిశాక ఆ నొప్పి తగ్గింది.

మాకు శిక్షణ ఇవ్వడానికి విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసరుగారు వచ్చారు. మా వైపు మనిషి కాదు. చిన్న పిల్లల బెంచీల్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్న మమ్మల్ని చూసి, పద్ధతి వివరించారు. ఉత్తర్వులో ముందే చెప్పినట్టు, ప్రతివారూ ఒక పాఠాన్ని మన ప్రాంతపు ఉదాహరణలతో కొత్తగా రాసుకొచ్చి ఉండాలి. దాన్ని సైక్లోస్టైల్ తీయించి అందరికీ పంచాలి. లేచి పాఠం చెప్పాలి. మిగతావాళ్ళు తప్పులు పట్టాలి. ఆ తప్పులకు జవాబు చెప్పుకుని నిలబడ్డ పాఠాలు పుస్తకంగా అచ్చవుతాయి, అన్ని కాలేజీలకూ వెళ్తాయి.

"ప్రశ్న రాని పాఠాన్ని నేను పుస్తకంలో వెయ్యను. ప్రశ్న రాలేదంటే ఎవరూ వినలేదని అర్థం" అన్నారాయన.

"ఆయ్" అన్నాం అందరం.

మొదటి పాఠం కామర్స్ ఆయనదే. చెప్పి కూర్చున్నాడు. ప్రొఫెసరుగారు మా వైపు చూశారు.

"బాగుందండి" అన్నారు ఒకరు.

"చాలా బాగుందండి" అన్నారు ఇంకొకరు.

ఆయన సుద్దముక్క తీసి బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'బాగుంది అనకూడదు' అని రాశారు. తరవాత రాజోలు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన లేచి, చేతులు కట్టుకుని, "అంత పాఠం గురించి చెప్పేటంతటివాణ్ణా అండీ నేను" అని కూర్చున్నారు.

పాపం, ప్రొఫెసరుగారికి మా సంగతి తెలియదు. తిన్న ఇంట్లో పులుసులో ఉప్పు ఎక్కువైతే మేము పులుసు మాటెత్తం, "మజ్జిగ అమృతమండి" అంటాం. పులుసు గురించి బస్సెక్కి, ఆ ఊరి వంతెన దాటాక మాట్లాడతాం. మొహం మీద తప్పు పట్టడం మా వైపు శత్రువుకు కూడా చెయ్యరు. పట్టదలుచుకుంటే సొంతదాంట్లో పట్టుకోవచ్చు, దానికి అభ్యంతరం లేదు. పదహారు రకాలు వడ్డించి, "ఏదో గంజినీళ్ళు పోస్తున్నామండి" అనవచ్చు. ఎదుటివాడి గంజిని మాత్రం గంజి అనరాదు.

ఆ సాయంత్రం బస్టాండు దగ్గర టీ తాగుతూ, కామర్స్ ఆయన పాఠంలో ఎన్ని తప్పులున్నాయో అందరూ ఎంత చక్కగా చెప్పారో! ఆయన ఒక్కడే అక్కడ లేడు.

ఇక ఆ అమ్మాయి సంగతి. నా డిపార్టుమెంటులోనే జూనియర్ లెక్చరర్. రాజోలు దాటి, గోదావరి సముద్రంలో కలిసే చోట చేపలు పట్టే కుటుంబం. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. మా కాలేజీలో కొన్నేళ్ళుగా టెంపరరీ. ప్రతి వేసవికీ ఉద్యోగం పోతుంది, కాలేజీ తెరిచాక మళ్ళీ వస్తుంది. ఆ ఏడు మళ్ళీ వచ్చేటట్టు లేదు. కాలేజీ కమిటీలో ఒక పెద్దమనిషి బంధువు ఆ సీటు మీద తువ్వాలు వేసి కూర్చున్నాడు. మా ప్రిన్సిపాలుగారు ఆ అమ్మాయిని పిలిచి ఉన్నమాట చెప్పేశారు. "నీ పాఠం ఆ పుస్తకంలో పడితే కమిటీ ముందు పెట్టి పర్మనెంటు చెయ్యమని అడుగుతాను. పడకపోతే నా చేతిలో ఏమీ లేదమ్మా."

మొదటిరోజు సాయంత్రం పంపు దగ్గర ఆ అమ్మాయి నన్ను ఆపింది.

"మాస్టారండీ, రేపు మధ్యాహ్నం నా పాఠం. మీరొక్కరైనా ప్రశ్న వెయ్యండి. బాగుందని మాత్రం అనకండి."

"ఆయ్" అన్నాను.

"ఆయ్ అంటే సరిపోదు మాస్టారూ. వెయ్యాలి. లేకపోతే నేను ఇంటికెళ్ళి వలలు బాగుచేసుకోవాలి."

"వేస్తానమ్మా. నీ గుండె ఆగిపోయే ప్రశ్న వేస్తాను."

మర్నాడు ఉదయం నా పాఠం. నేను ఎంచుకున్నది క్షీణోపాంత ప్రయోజన సూత్రం. పేరు చూసి భయపడకండి. ఒకే వస్తువును వరసగా తింటూ పోతే మొదటిదిచ్చినంత తృప్తి రెండోది ఇవ్వదు, రెండోదిచ్చినంత మూడోది ఇవ్వదు, ఒకచోట ఇక చాలనిపిస్తుంది. అంతే సూత్రం. మా గురువుగారి నోట్సులో ఆపిల్ ఉన్న ప్రతిచోటా కొట్టేసి పూతరేకు అని రాశాను. దాంతో పాఠం కోనసీమది అయిపోయింది. కొట్టేసిన చోట సిరా ఇంకా ఆరలేదు. నిరూపణకు నిజం పూతరేకులే ఉండాలని ముందురోజు ఆత్రేయపురం వెళ్ళి ఒక పెద్ద పెట్టె తెచ్చాను. తినడానికి కామర్స్ ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కొక్క రేకుకూ పదికి ఎన్ని మార్కులు వేస్తారో చెప్పమన్నాను.

"మొదటిది. ఎన్నండీ?"

"పదండి."

"రెండోది?"

"పదండి."

"కాస్త తగ్గలేదూ?" అన్నాను, కనుసైగ చేస్తూ.

"అబ్బే. నెయ్యి ఎంత బాగా పట్టిందనీ!"

మూడోదానికీ పదే. నాలుగోది నములుతుంటే ఆయన నుదుటి మీద చెమట పట్టింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు దిగుతాడనుకున్నాను.

"పదకొండు వెయ్యండి మాస్టారూ" అన్నాడు.

"మార్కులు పదికేనండీ!"

"పాపం, ఆత్రేయపురం దాకా వెళ్ళి మోసుకొచ్చేరు. నేను కూర్చుని తగ్గించుకుంటూ పోతే బాగుంటుందా అండీ?"

ప్రొఫెసరుగారు ఉండబట్టలేక ముందుకొచ్చారు. "మీకు ఇంకొకటి కావాలా, వద్దా? నిజం చెప్పండి."

"పెడితే కాదంటానా అండీ" అన్నాడు కామర్స్ ఆయన, దాదాపు ఏడుస్తూ.

ప్రొఫెసరుగారు సుద్దముక్క బల్ల మీద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళి, కాసేపు బయటికి చూస్తూ నిలబడ్డారు. బోర్డు మీద నేను గీసిన గీత కిందికి దిగవలసింది పోయి చివరికొచ్చేసరికి పైకి లేచింది. ప్రపంచంలో ఎక్కడైనా చెల్లే సూత్రం కొత్తపేటలో చెల్లలేదు. సభ్యులందరూ నా పాఠం బాగుందన్నారు. ప్రశ్న ఒక్కటీ రాలేదు. దాని కథ అక్కడితో ముగిసింది.

తరవాత వరండాలో ఆ అమ్మాయి నెమ్మదిగా నా పక్కకొచ్చి, "ఒకమాట అనొచ్చా మాస్టారండీ?" అంది.

"అను."

"ఆపిల్ తీసేసి పూతరేకు పెట్టేరు గాని, తినే మనిషిని మార్చలేదండి. ఎప్పుడు ఆపాలో తినేవాడే తేల్చుకుంటాడని మీ పాఠంలో ఉంది. మనిళ్ళల్లో అది తేల్చేది వడ్డించేవాళ్ళు కదండీ."

"ఈ మాట లోపల అనొచ్చు కదమ్మా! ప్రశ్న వచ్చిందని నా పాఠం పుస్తకంలో వేసేవారు."

"మీరు పెద్దవారు. సభలో ఎలా అంటానండీ?"

చూశారా! ప్రశ్న వెయ్యండని నన్ను బతిమాలిన పిల్లకే వెయ్యడానికి నోరు రాలేదు.

భోజనాలయ్యాయి. పనసపొట్టు కూర రెండుసార్లు వడ్డించారు, నేను కాదనలేదు. పెట్టెలో మిగిలిన పూతరేకులు వెనక్కి మోసుకెళ్ళడం మర్యాద కాదు కనక వాటి సంగతీ నేనే చూసుకున్నాను. గదిలో కూర్చునేసరికి కరెంటు పోయింది. అయితేనేం, కిటికీలోంచి కొబ్బరితోట మీది గాలి చల్లగా వస్తోంది. ఆ అమ్మాయి సైక్లోస్టైల్ కాగితాలు పంచింది. నా కాపీ ఇప్పటికీ నా దగ్గరుంది, కిరసనాయిలు లాంటి ఆ సిరా వాసన మాత్రం పోయింది.

ఆమె ఎంచుకున్న పాఠం చేపల ధర. పుస్తకాల్లో ఏముంటుందంటే, చేప ఒక్కరోజు సరుకు. రేపటికి కుళ్ళిపోతుంది. అందుకని ఎంత చేప పడితే అంతా ఆరోజే, ఎంత ధర వస్తే అంతకే అమ్మెయ్యాలి. ధర పెరిగినా తగ్గినా అమ్మకానికి వచ్చే సరుకు మారదు. కాబట్టి సరఫరా గీత కొబ్బరిచెట్టులా నిటారుగా ఉంటుంది. నేను ఏటా అలాగే గీసేవాణ్ణి. ఆ అమ్మాయి కాగితం మీద ఆ గీత నిటారుగా లేదు. సముద్రపు గాలికి ఒరిగిన కొబ్బరిచెట్టులా వాలి ఉంది.

పాఠం అయిపోయింది. అందరూ బాగుందన్నారు. ప్రొఫెసరుగారు నిట్టూర్చి ఆ కాగితాన్ని మిగతా బాగున్నవాటి కింద పెట్టబోయారు. ఆ కాగితం కిందికి వెళ్తే ఆ అమ్మాయి ఉద్యోగం కూడా దానితోపాటే వెళ్తుంది.

సరిగ్గా అప్పుడు నేను లేచాను.

"ఆ గీత తప్పమ్మా! పుస్తకంలో అలా లేదు!"

ఇది గర్జన అని ఇన్నేళ్ళూ చెప్పుకొచ్చాను. కాదు, మామూలు గొంతే. ఒక పెద్ద వ్యూహం పన్ని అలా అన్నానని కూడా చెప్పుకొచ్చాను. వ్యూహమేమీ లేదు. అడగమని ఆ అమ్మాయి బతిమాలింది, అడిగాను. అంతకు మించి దానిలో నా గొప్పేం లేదు. పొగడ్తల మధ్య ఒక మనిషి లేచి తప్పు అనేసరికి గదంతా అదిరిపోయిందన్నది మాత్రం నిజం. ప్రొఫెసరుగారి మొహం ఉపవాసం విడిచినవాడి మొహంలా వెలిగింది.

"చెప్పమ్మా, పుస్తకంలో లేనిది నువ్వెందుకు గీశావు?" అన్నారు.

"పుస్తకం రాసినవారు ఒడ్డు దాకా వచ్చినట్టు లేదండి" అంది ఆ అమ్మాయి. "ధర బాగోకపోతే మా అమ్మ తట్ట దించదు. బేరగాళ్ళ మొహం మీదే ఉప్పు తెప్పిస్తుంది. పచ్చిచేప ఎండుచేప అవుతుంది, వానాకాలంలో అమ్ముకుంటాం. ధర పడిపోయినరోజు ఒడ్డున పచ్చిచేప తక్కువ దొరుకుతుందండి, పడక కాదు, అమ్మక. మరి గీత నిటారుగా ఎలా ఉంటుంది?"

ఆ పైన ప్రశ్నల వర్షం. ఒకసారి గట్టు తెగాక మావాళ్ళనూ ఆపలేం. ఉప్పు ఖర్చు ఎక్కడ చూపించావని ఒకరు, అన్ని చేపలూ ఎండుతాయా అని ఇంకొకరు. రాజోలు పెద్దాయన కూడా ఏదో అడిగేశారట. ఆ అమ్మాయి అన్నిటికీ నిలబడి జవాబు చెప్పింది. చప్పట్లు కొట్టారు. ఆ పాఠం పుస్తకంలో మొట్టమొదట పడింది. కాలేజీ తెరిచాక ప్రిన్సిపాలుగారు ఆ పుస్తకాన్ని కమిటీ ముందు పెట్టారు. సీటు మీద తువ్వాలు వేసినాయన తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి పర్మనెంటయింది. నేను మాత్రం నా నోట్సు మళ్ళీ తీసి, పూతరేకు కొట్టేసి ఆపిల్ అని రాసుకున్నాను. పిల్లలకు 'అందువలన' ఎక్కడొస్తుందో వెతుక్కునే శ్రమ తప్పింది.

ఇంతవరకు రాసి, సరిచూసుకుని, ఇక దీనిలో సరిచేయవలసింది లేదనుకున్నాను. ఆ అమ్మాయి ఇప్పుడు అమ్మాయి కాదు. ప్రిన్సిపాలుగా రిటైరయి, జుట్టు నెరిసి, మోకాళ్ళ నొప్పులతో మొన్న మా ఇంటికొచ్చింది. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. నేను కాగితాలు తెచ్చి మొదటి నుంచి చదివి వినిపించాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది. పూతరేకుల దగ్గర కాఫీ ఒలికేటంతగా నవ్వింది. అయిపోయాక గ్లాసు కింద పెట్టింది.

"బాగుందండి" అంది.

"ఆ మాట అనకూడదని బోర్డు మీద రాశారు కదమ్మా."

"అయితే నిజం చెప్పమంటారా?"

"చెప్పు."

"మీరు ప్రశ్న వెయ్యలేదు మాస్టారూ."

మా ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకెళ్ళబోతున్నదల్లా ఆగిపోయింది.

"వెయ్యకపోవడమేంటి? అక్షరం అక్షరం గుర్తుంది నాకు! 'ఆ గీత తప్పు, పుస్తకంలో అలా లేదు.' మరి ఎవరన్నట్టు?"

"నేనే అన్నానండి. అందరూ బాగుందన్నారు, ప్రొఫెసరుగారు కాయితం కిందికి తోసేస్తున్నారు. మాటిచ్చేరు కదా అని మీ వైపు చూసేను, ఒకసారి కాదు. ఇక లాభం లేదని నేనే లేచి, 'ఈ గీత తప్పండి, పుస్తకంలో ఇలా లేదు, ఇంతమంది పెద్దలున్నారు, ఒక్కరూ అడగరేంటండీ' అన్నాను. నా పాఠాన్ని నేను తప్పు పట్టుకుంటే ఎవరికీ కోపం రాదు కదండీ."

"మరి నేనేం చేస్తున్నాను?"

"నిద్రపోతున్నారు. పెట్టెడు పూతరేకులు తిన్న మనిషి ఇంకేం చేస్తారండీ? చప్పట్లకు మెలకువొచ్చి, 'ఏమ్మా, టీ వచ్చిందా?' అని నన్నే అడిగేరు."